ఎవరి బరిలో?

కర్నూలు రాజ్‌విహార్ సెంటరుకు దగ్గర్లో నేను సాయంత్రం పూట టీ తాగే అంగడి ఒకటుంది. అంగడాయన కొడుకు ఇంజనీరింగ్ చదువుతూ, పొద్దుగుంకే వేళకు వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. వాని ఫోనులో ముహమ్మద్ అలీ, మైక్ టైసన్ కొట్టుకుంటుంటారు. పాత రీలు కాదు, బాక్సింగ్ గేములో బొమ్మలు. బొమ్మలని తెలిసి కూడా చుట్టూ నలుగురు మూగుతారు. "టైసన్ గుద్దు ఒగటి పడిందంటే మల్ల లేచేదుంటుందా బ్బా?" అని ఒకాయన. "ముందు పడాల గదా, ఆయప్ప చేతికి దొరకాల గదా" అని ఇంకొకాయన. ఒకనాడు అలీ గెలుస్తాడు, మర్నాడు టైసన్. ఫోను ఎవరి చేతిలో ఉంటే గెలుపు అటు మొగ్గుతుంది. చివరికి వయసులో పెద్దవాణ్నని తీర్పు నా మీదికి తోస్తారు. "సార్, మీరు చెప్పండి, నిజంగా జరిగింటే ఎవరు గెలుస్తుండ్రి?"

నిజంగా జరిగే వీలు త్రుటిలో తప్పిపోయిన పోటీ అది. అలీ చివరిసారి బరిలోకి దిగింది 1981 డిసెంబరులో. టైసన్ ప్రొఫెషనల్‌గా తొలి పోటీ ఆడింది 1985 మార్చిలో. మధ్యలో మూడేళ్ళ చిల్లర. ఆ సందులోకే ఇప్పుడు ఫోన్లు, గేములు, టీ అంగళ్ళు అన్నీ దూరాయి. 2009లో వచ్చిన ఫైట్ నైట్ రౌండ్ 4 అనే గేము అట్ట మీదే ఈ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టారు. ఎవరు గెలుస్తారన్నది నన్ను అంతగా పట్టలేదు గానీ, ఇంకొకటి పట్టుకుంది. ఆ కొట్లాట ఎక్కడ జరుగుతోంది? ఏ సంవత్సరంలో? ఎవరి బరి అది? ఉండబట్టలేక అడిగాను, "ఎన్ని రౌండ్లు పెట్టినావురా?" అని. "పన్నెండు సార్. ఎప్పుడూ పన్నెండే కదా" అన్నాడు వాడు, నా అమాయకత్వానికి కొంచెం జాలిపడుతూ.

ఎప్పుడూ పన్నెండు కాదు. అలీ టైటిల్ కోసం కొట్టుకున్న రోజుల్లో పదిహేను. 1982 నవంబరులో లాస్ వేగస్‌లో డుక్ కూ కిమ్ అనే కొరియా కుర్రవాడు పద్నాలుగో రౌండులో దెబ్బతిని, కొద్ది రోజులకు చనిపోయాడు. ఆ తర్వాతే ఒక్కొక్క సంస్థా టైటిల్ పోటీలను పన్నెండు రౌండ్లకు దించుకుంటూ వచ్చాయి. మంచి పనే చేశాయి. కానీ ఆ మూడు రౌండ్లు పోవడంతో చరిత్రలో ఏమేమి పోతాయో ఒకసారి కాగితం మీద వేసి చూడండి. 1941 జూన్‌లో హెవీవెయిట్ చాంపియన్ జో లూయిస్ మీదికి బిల్లీ కాన్ వచ్చాడు. కాన్ నిజానికి ఒక మెట్టు కిందివాడు. తూకంలో లూయిస్ తొంభై కిలోలు, కాన్ డెబ్బై తొమ్మిది. అయినా పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ఇద్దరు న్యాయనిర్ణేతల లెక్కలో కానే ముందున్నాడు, మూడో ఆయన లెక్కలో సమానం. పదమూడో రౌండులో లూయిస్ పడగొట్టాడు. 1952 సెప్టెంబరులో జెర్సీ జో వాల్కాట్‌కూ రాకీ మార్సియానోకూ అచ్చం ఇట్లాగే జరిగింది. పన్నెండు ముగిసేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కల్లోనూ వాల్కాట్‌దే పైచేయి. పదమూడో రౌండులో తాళ్ళ దగ్గర మార్సియానో కుడిచెయ్యి ఒక్కటే ఒక్కటి పడింది, వాల్కాట్ మోకాళ్ళ మీదికి జారి, ఒక చెయ్యి తాడుకు తగులుకుని అట్లాగే ఒరిగిపోయాడు. నలభై తొమ్మిదికి నలభై తొమ్మిది గెలిచి, ఒక్క ఓటమీ లేకుండా దిగిపోయిన హెవీవెయిట్ చాంపియన్ అని మార్సియానోను ఈ రోజుకూ చెప్పుకుంటారే, ఆ లెక్క మొత్తం పదమూడో రౌండు అనేది ఒకటి ఉండబట్టి నిలబడింది. మా కుర్రవాడి ఫోనులో మార్సియానో ఆ రాత్రి ఓడిపోయి ఇంటికి పోయుండేవాడు.

తూకం సంగతి ఇంకా విచిత్రం. ఆ రాత్రి మార్సియానో బరువు దాదాపు 84 కిలోలు. ఇప్పటి లెక్కన 200 పౌండ్లు, అంటే తొంభై కిలోల చిల్లర దాటితేనే హెవీవెయిట్. ఆ లోపలివాడు క్రూయిజర్‌వెయిట్. అంటే ఓటమి ఎరగని ఆ హెవీవెయిట్ చాంపియన్‌ను ఈ రోజు ఆ తరగతి కింద తూకానికే నిలబెట్టరు. లూయిస్ పరిస్థితీ గీతకు అటూ ఇటూగా ఉంటుంది. ఇక 206 సెంటీమీటర్ల ఈ కాలపు హెవీవెయిట్ టైసన్ ఫ్యూరీ ఎదుట మార్సియానోను నిలబెట్టి ఎవరు గెలుస్తారని అడగడం న్యాయమేనా? న్యాయం కాదనే అనుకుంటూ వచ్చాను. కానీ 2024 మేలో రియాద్‌లో అలెగ్జాండర్ ఉసిక్, తనకంటే దాదాపు పదిహేడు కిలోలు ఎక్కువున్న ఆ ఫ్యూరీనే ఓడించాడు. ఉసిక్ క్రూయిజర్‌వెయిట్ నుంచి పైకెక్కి వచ్చినవాడే. అప్పుడు మళ్ళీ అనుమానం. బరువు ఒక్కటే కాదన్నమాట. మరి ఏది?

ఈ తగువును మనుషులు తీర్చలేరని యంత్రానికి అప్పజెప్పిన రోజు ఒకటుంది. అమెరికాలో మర్రే వోరోనర్ అనే రేడియో నిర్మాత 1967లో అన్ని కాలాల హెవీవెయిట్ చాంపియన్ల లెక్కలనూ కంప్యూటర్‌లో పోసి, రేడియోలో పోటీల వరస నడిపాడు. అందులో అలీ, పాత కాలపు జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు. 1905లోనే దిగిపోయిన మనిషి చేతిలో! అలీ ఊరుకోలేదు, పది లక్షల డాలర్లకు దావా వేశాడు. ఎన్నడూ జరగని పోటీలో ఓడినందుకు పరువునష్టం దావా. ఇంతకంటే పెద్ద గౌరవం ఈ ఊహాపోటీలకు ఎవరూ ఇచ్చి ఉండరు. ఆ దావా రాజీకి వచ్చి, చివరికి 1969లో అలీని, రిటైరై పదమూడేళ్ళయిన మార్సియానోను మయామీలో ఒక చోట కూర్చి, నిమిషం నిమిషం రౌండ్లు డెబ్బై దాకా చిత్రీకరించారు. మార్సియానో పెరిగిన బొజ్జను తగ్గించుకుని, నెత్తిన విగ్గు పెట్టుకుని వచ్చాడు. రకరకాల ముగింపులు తీసి పెట్టుకున్నారు, కంప్యూటర్ ఏది చెబితే అది అతికించడానికి. 1970 జనవరి 20 రాత్రి సినిమా హాళ్ళలో వేశారు. పదమూడో రౌండులో మార్సియానో గెలిచాడు. మళ్ళీ ఆ పదమూడో రౌండే! యూరప్‌లో వేసిన ప్రతిలో మాత్రం గెలుపు అలీది. ఏ గడ్డ మీద వేస్తే ఆ గడ్డకు నచ్చిన తీర్పు. యంత్రం కూడా టీ అంగడి లాగానే నడుచుకుంది. మార్సియానోకు తాను గెలిచానని గానీ ఓడానని గానీ తెలియదు. చిత్రీకరణ ముగిసిన కొద్ది వారాలకే, 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో పోయాడు.

ఆ సినిమాకు అలీ ఎందుకు ఒప్పుకున్నాడో కూడా చెప్పాలి. వియత్నాం యుద్ధానికి రానన్నందుకు 1967లో టైటిల్ గుంజుకున్నారు, లైసెన్సులు ఆపేశారు. మళ్ళీ బరిలోకి వచ్చింది 1970 అక్టోబరులో. ఇరవై అయిదో ఏట నుంచి ఇరవై ఎనిమిదో ఏట దాకా, ఏ బాక్సర్‌కైనా ఒంట్లో సత్తువ, బుర్రలో తెలివి రెండూ కలిసి నడిచే ఆ మూడున్నరేళ్ళూ, ఆయన కాలేజీల్లో ఉపన్యాసాలు ఇచ్చుకుంటూ గడిపాడు. అలీని టైసన్‌తోనో లూయిస్‌తోనో నిలబెడతామంటున్నాం సరే, ఏ అలీని? 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడు రౌండ్లలో చుట్టేసిన అలీనా, 1974లో కిన్షాసాలో తాళ్ళకు ఆనుకుని జార్జ్ ఫోర్‌మన్ గుద్దులన్నీ తిని ఎనిమిదో రౌండులో పడగొట్టిన అలీనా? ఒకడు దెబ్బ తగలనివ్వనివాడు, ఇంకొకడు దెబ్బను ఓర్చుకోగలిగినవాడు. ఇద్దరి మధ్యా ఎవరూ చూడని అలీ ఒకడున్నాడు. నాకైతే టైసన్ కంటే ఆ కనపడని అలీ మీదే ధ్యాస.

ఇదంతా అమెరికా గోల, మనకేం పట్టిందంటారేమో. మనకు పట్టినంత ఇంకెవరికీ పట్టలేదని నా నమ్మకం. సురభి నాటకాలు పుట్టింది కడప జిల్లా సురభి గ్రామంలో, 1885లో. వనారస గోవిందరావు వేయించిన తొలి నాటకం ‘కీచకవధ’. అంటే ఏమిటి? భీముడూ కీచకుడూ ఒక చీకటి నర్తనశాలలో బాహాబాహీ తలపడే కథ. అదే 1885 ఆగస్టులో అమెరికాలో జాన్ ఎల్. సల్లివన్ గ్లవుజులు తొడుక్కుని, క్వీన్స్‌బరీ నిబంధనల కింద గెలిచిన పోటీని కొందరు తొలి హెవీవెయిట్ టైటిల్ పోటీగా లెక్కిస్తారు. రెండు బరులూ ఒకే ఏడు తెరుచుకున్నాయి. ఈ రెంటికీ సంబంధం ఏమీ లేదు, ఊరికే నాకు ముచ్చటగా ఉంటుంది.

కీచకుడి సంగతి వచ్చింది కాబట్టి మా జేజి చెప్పే కథ ఒకటి. బకుడు, జరాసంధుడు, కీచకుడు, దుర్యోధనుడు, భీముడు అయిదుగురూ ఒకే ఘడియలో పుట్టినవాళ్ళంట. బలంలో సమానులంట. ఎవడు ముందు ఒకణ్ని చంపుతాడో మిగిలినవాళ్ళ చావు కూడా వాని చేతిలోనే అంట. భీముడికి ఏకచక్రపురంలో బకుడు ముందు దొరికాడు, దాంతో మిగతా ముగ్గురి రాతా ఖాయమైపోయింది. చిన్నప్పుడు ఇది విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టేది కాదు. కీచకుడికీ జరాసంధుడికీ పోటీ పెడితే? దుర్యోధనుడికి ముందు బకుడు దొరికింటే? జేజిని అడిగితే, "దొరకల్య గదా నాయనా, పండుకో" అనేది. అన్ని తర్కాలకూ ఆమె అదే సమాధానం చెప్పేది. దొరకలేదు అంతే. వరసలో ఎవరు ముందు ఎదురుపడ్డారన్నదే కథంతా అని ఆ ముసలామె ఒక్క ముక్కలో తేల్చేసింది. నేను ఇన్ని పుస్తకాలు చదివీ తేల్చలేకున్నాను.

పోనీ జరిగిన పోటీ అయినా తేలిందా? గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టకూడదు. బాక్సింగ్‌లో నడుము పట్టీ కింద కొట్టకూడదన్నది ఇప్పటికీ ఉన్న నిబంధనే. దుర్యోధనుడు భీముడి ఇనుప బొమ్మ చేయించుకుని, దాన్ని ఎదుట పెట్టుకుని పదమూడేళ్ళు సాధన చేశాడని భారతంలో ఉంది. ఊహాపోటీని అంత శ్రద్ధగా ఆడినవాడు మరొకడు లేడు. ఎదురుగా బొమ్మ, మనసులో శత్రువు, పదమూడేళ్ళు. చివరికి తొడ మీద దెబ్బ పడింది. ఇద్దరికీ గురువైన బలరాముడు నాగలి ఎత్తుకుని భీముడి మీదికి లేచాడు. ఈనాటి రెఫరీ అయితే భీముణ్ని అనర్హుడని బయటికి పంపి, దుర్యోధనుడి చెయ్యి పైకెత్తేవాడు. నిబంధన మారితే గెలుపూ మారుతుంది. ధర్మం ఎటున్నదన్నది వేరే లెక్క.

కాలాల మధ్య పోటీ గురించి నాకు తెలిసినంతలో అందరికంటే ముందు, అందరికంటే బాగా మాట్లాడింది ఆంజనేయుడు. సౌగంధిక పుష్పం కోసం పోతున్న భీముడికి దారిలో అడ్డంగా ఒక ముసలి కోతి, దాని తోక. ఎత్తలేకపోయాడు. అది అందరికీ తెలిసిన కథే. తర్వాతి భాగం మనం అంతగా చెప్పుకోం. తన అన్నే అని తెలిశాక భీముడు, సముద్రం దాటిన నాటి రూపం చూపించమంటాడు. ఆంజనేయుడు వెంటనే ఒప్పుకోడు. అప్పటి కాలం వేరు, ఇప్పటి కాలం వేరు, ఒక్కో యుగానికి నేల, చెట్టు, బలం, మనిషి అన్నీ మారిపోతాయి, కాలాన్ని దాటడం ఎవరి తరమూ కాదు అని నచ్చజెప్పి, నాలుగు యుగాల లక్షణాలూ వివరిస్తాడు. త్రేతాయుగపు చాంపియన్ ద్వాపరపు చాంపియన్‌తో, నన్ను నా కాలంలోనే ఉండనీ అంటున్నాడు. కడప జిల్లా గండిలో, పాపాఘ్ని ఒడ్డున, ఆ స్వామినే రాముడు బాణం మొనతో రాతి మీద గీశాడని, చిటికెన వేలు మాత్రం పూర్తి కాలేదని చెప్తారు. శ్రావణ శనివారాల్లో ఆ జనంలో నిలబడి దండం పెట్టుకుంటున్నప్పుడు, అంత బలవంతుడు ఒక పోటీకి నిరాకరించాడన్న సంగతే నాకు గుర్తొస్తుంటుంది. భీముడు పట్టుబట్టాడు, చివరికి స్వామి చూపించాడనుకోండి. అభిమానులు ఏ యుగంలోనూ ఊరుకోరు.

సినిమావాళ్ళు మనల్ని ఇంకో రకంగా బుజ్జగించారు. 1963లో కె.వి. రెడ్డి తీసిన ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’లో కృష్ణుడు రామారావు, అర్జునుడు నాగేశ్వరరావు. మన తాడిపత్రి ప్రాంతపు మనిషి తీసిన బొమ్మ. కృష్ణార్జునులకే కాదు, ఇద్దరు హీరోల అభిమానులకూ యుద్ధమే. సరిగ్గా తేలబోయే సమయానికి శివుడు వచ్చి ఆపేస్తాడు. ఎవరూ ఓడరు, హాల్లో కుర్చీలు విరగవు. ఆ ఓర్పు ఇప్పుడు లేదు. 2022లో వచ్చిన ‘లైగర్’లో టైసన్‌ను స్వయంగా పిలిపించి మన హీరో చేత కొట్టించారు. అప్పటికి టైసన్‌కు యాభై ఆరేళ్ళు.

అసలు కాలం ఇట్లాంటి పోటీలను తానే పెడుతుంది, పెట్టిన ప్రతిసారీ మనం ఒప్పుకోం. 1910 జూలై 4న రెనోలో, అయిదేళ్ళుగా ఆట మానేసి పొలం చూసుకుంటున్న జెఫ్రీస్‌ను తెల్లవాళ్ళు బతిమాలి తీసుకొచ్చి జాక్ జాన్సన్ ముందు నిలబెట్టారు, నల్లవాడి టైటిల్ గుంజుకోవడానికి. పదిహేనో రౌండులో కూలాడు. ఆ రాత్రి అమెరికా ఊళ్ళలో నల్లవాళ్ళ మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. కొట్టుకున్నది ఇద్దరు మనుషులా, రెండు కాలాలా, రెండు రంగులా? 1951 అక్టోబరులో పన్నుల బాకీలు తీర్చుకోలేక తిరిగొచ్చిన ముప్పై ఏడేళ్ళ లూయిస్‌ను మార్సియానో ఎనిమిదో రౌండులో తాళ్ళ బయటికి పడగొట్టాడు. చిన్నప్పటి నుంచి తన దేవుడిలా చూసుకున్న మనిషిని కొట్టాల్సి వచ్చినందుకు మార్సియానో తర్వాత కన్నీళ్ళు పెట్టుకున్నాడంటారు. అది అసలైన లూయిస్ కాదు, లెక్కలోకి రాదు అంటాం. మరి అసలైనవాడు ఎవడు? 2024 నవంబరులో యాభై ఎనిమిదేళ్ళ టైసన్, ఇరవై ఏడేళ్ళ జేక్ పాల్ చేతిలో ఓడిపోయాడు. దాన్నీ లెక్కలోకి రాదనే అంటాం.

1980లో అలీ మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ. కడప వాళ్ళకు మద్రాసు ఎంత దూరం, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. మా నాయన స్నేహితుడు ఒకాయన, ఏడురోడ్ల కూడలి దగ్గర బట్టలంగడి ఆయన, పోయి చూసొచ్చాడు. ఏం చూశావని ఎవరడిగినా ఆయన ముందు లేచి నిలబడేవాడు. రెండు చేతులూ కిందికి వదిలేసి, మడమలు నేలకు ఆననీయకుండా రెండడుగులు పక్కకు జరిగేవాడు. మూడో అడుగుకు పంచె అడ్డం వచ్చేది. "ఒళ్ళు వచ్చిండాది. అయినా ఆ కాళ్ళు సూడాల ప్పా" అని కూర్చునేవాడు. అదే ఏడు అక్టోబరు 2న అలీ, ఒకప్పుడు తన దగ్గరే సాధన చేసిన లారీ హోమ్స్ ఎదుట పది రౌండ్లు నిలబడి దెబ్బలు తిన్నాడు. పదకొండుకు ఆయన మనుషులే లేవనీయలేదు. పేపరులో చదివి బట్టలంగడి ఆయన, "అది మనం చూసిన అలీ కాదు" అని కొట్టిపారేశాడు. మద్రాసులో చూసిన అలీ అప్పటికే ముప్పై ఎనిమిదేళ్ళవాడని ఆయనకు ఎవరూ గుర్తుచేయలేదు.

అంతకు ముందు లిస్టన్, ఫ్రేజియర్, నార్టన్, ఫోర్‌మన్ అందరూ అలీకి ఎదురుపడ్డారు. వాళ్ళు లేని అలీని ఊహించి చూడండి. 1975లో మనీలాలో పద్నాలుగు రౌండ్లు ఫ్రేజియర్ నలిపి పెట్టకపోతే, అలీ ఎంత ఓర్వగలడో అలీకే తెలిసేది కాదు. లూయిస్ ఇరవై అయిదు సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు, ఇప్పటికీ హెవీవెయిట్‌లో దాన్ని దాటినవాడు లేడు. కానీ ఆయనకు ఎదురైనవాళ్ళలో సగం మంది పేర్లు ఎవరికీ గుర్తులేవు. వేరుశనగ చెట్టును పెరికితే కాయల వెంట మన్నూ వస్తుంది. దులిపి చూపిస్తే అది పొలంలో ఉన్న చెట్టు కాదు. నన్ను పట్టి అడిగితే పదిహేను రౌండ్లకు హ్యూస్టన్ నాటి అలీ అంటాను. నాలుగు రౌండ్లలో తేల్చమంటే, 1988లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించిన టైసన్ అంటాను. ఆ మధ్యలో ఎన్ని రౌండ్లు చెప్పినా నా దగ్గర పందెం లేదు.

మరి ఎదుటివాడు మనిషే కాకపోతే? మా జేజినాయన ఊరు పాపాఘ్ని దగ్గరే. ఆంజనేయస్వామి గుడి ముందు, వేపచెట్టు కింద ఒక రాతి గుండు ఉండేది. నున్నటి నల్లరాయి, ఎక్కడా పట్టు దొరకదు. ఉగాది పొద్దు దాన్ని ఎత్తే పోటీ. చేతులకు ఇసుక రుద్దుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి గొంతుక్కూర్చుని, ముందు గుండును తొడల మీదికి దొర్లించుకుంటారు. అక్కడ ఒక ఊపిరి. తర్వాత పొట్టకు ఆనించి లేచి, రొమ్ము మీదుగా భుజానికి ఎక్కించి వెనక్కి వదులుతారు. దబ్బుమని శబ్దం వచ్చి, మట్టిలో గుంట పడితేనే ఎత్తినట్టు. తొడల దాకా తెచ్చి ఆగిపోయినవాళ్ళు ఎక్కువ. రొమ్ము దాకా తెచ్చి నెత్తురు కక్కుకున్నాడని ఒకాయన్ను గురించి చెప్పేవాళ్ళు. ఇక్కడ కాలం లెక్కే లేదనిపించేది నాకు. మనిషి మారతాడు గానీ గుండు మారదు. ముత్తాత ఎత్తిందీ మనవడు ఎత్తలేనిదీ అదే రాయి. మహానందిలో శివరాత్రికి జరిగే బండలాగుడూ ఆ బాపతే. ఎద్దుల జతకు ఎదురు ఎద్దులు కాదు, బండ. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు రొమ్ముకు గొలుసులు చుట్టించుకుని తెంపినా, ఏనుగును రొమ్ము మీద నిలబెట్టుకున్నా, ఆయనకు ఎదురైంది ఇనుమూ ఏనుగూ. అందుకే ఆయన్ను ఆయన కాలంవాడే అయిన గామా పహిల్వాన్‌తో పోల్చడం కుదరదు. గామాకు ఎదురుగా ఎప్పుడూ ఇంకో మనిషి నిలబడ్డాడు. 1910లో లండన్‌లో జ్బిస్కో అనే పోలండ్ మల్లుడు రెండున్నర గంటల పైన చాపకు కరుచుకుని ఉండి గామాను గెలవనీయలేదు. అదే జ్బిస్కోను 1928లో పటియాలాలో గామా నిమిషం లోపల వెల్లకిలా వేశాడు. అదే ఇద్దరు మనుషులు, రెండు కాలాలు, రెండు తీర్పులు. గుండు ఎప్పుడూ అట్లా ఎదురు తిరగదు. దానికి ఎత్తు తెలియదు, పట్టు తెలియదు, పగ తెలియదు. కొలతకు మంచిదే, కానీ గొప్పవాణ్ని తయారుచేసే గుణం దానికి లేదేమో.

ఆ కొలత కూడా మన దగ్గర మిగల్లేదని తర్వాత తెలిసింది. మా ఊరి గుండు బరువెంత? పది మణుగులని ఒకరు, పన్నెండని ఒకరు. ఎత్తినవాళ్ళెవరు? జేజినాయన తరంలో ముగ్గురని ఒక లెక్క, అయిదుగురని ఒక లెక్క. పేర్లు అడిగితే ఎవరింటివాళ్ళు వాళ్ళింటి పేరు ముందు చెప్తారు. బిల్లీ కాన్ పన్నెండు రౌండ్లకు ఎన్ని గెలిచాడో, ఏ న్యాయనిర్ణేత ఏం రాశాడో ఎనభై ఏళ్ళు దాటినా కర్నూలులో కూర్చుని నేను చెప్పగలుగుతున్నాను, ఆ రాత్రి ఎవరో కాగితం మీద రాసి దాచారు కాబట్టి. వాళ్ళ తగువుకు ఆధారం ఉంది. మన తగువుకు అది కూడా లేదు.

అందుకని ఇది చదివే సీమవాళ్ళకు ఒక మాట. మీ ఊళ్ళో గుడి ముందో రచ్చబండ పక్కనో ఎత్తుడు గుండు ఉంటే, ట్రాక్టరులో వేసి మార్కెట్ యార్డు కాటా దగ్గరికి తీసుకుపోయి తూకం వేయించండి. దాన్ని ఎత్తినవాళ్ళ పేర్లు, ఏ ఏడు ఎత్తారు, భుజం మీదికా రొమ్ము దాకానా అన్నది బతికున్న పెద్దల్ని అడిగి ఒక నోటుపుస్తకంలో రాయండి. ఎద్దుల పోటీలు జరిపే కమిటీల వాళ్ళు బండ బరువు, నిమిషాలు, అడుగులు, ఆ రోజు నేల తడిదో పొడిదో కూడా రాసిపెట్టండి. మిగతాది మన మనవళ్ళు వాదించుకుంటారు.